మొదటి సీడీ వరకే

ఝాన్సీ పనిచేసే స్కూల్లో ఈ ఏడు కొత్తగా ఒక పండగ వచ్చిపడింది. కరస్పాండెంటు గారు హైదరాబాదులో తన బావమరిది పిల్లలు చదివే స్కూలుకు వెళ్ళి, అక్కడి పిల్లలు నల్లటి మొనదేలిన టోపీలు పెట్టుకుని, గుమ్మడికాయ దీపాలు పట్టుకుని వరసగా నడుస్తుంటే చూసి వచ్చాడు. వచ్చిన మర్నాడే మీటింగు పెట్టి, అక్టోబరు ఆఖర్న మన మార్కాపురంలో కూడా ఆ హాలోవీన్ జరగాల్సిందే అన్నాడు. అదేమి పండగ అని టీచర్లెవరూ అడగలేదు. అడిగినవాళ్ళ నెత్తినే ఆ పని పడుతుందని అందరికీ తెలుసు. ఝాన్సీ కూడా అడగలేదు గానీ, ఇంగ్లీషు టీచరు కాబట్టి అది ఆమె నెత్తినే పడింది.

ఆ సాయంత్రం నల్ల చార్టులు కొనుక్కుని ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుని, టోపీలు ఎట్లా ఉండాలో చూద్దామని ఫోనులో మంత్రగత్తెల బొమ్మలు వెతకసాగింది. వెతుకుతూ వెతుకుతూ ఒక బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఒక పొడుగు ముసలామె, ఒక పొట్టి ముసలామె. పొట్టి ఆమె చంకలో నల్లకోడి. వెనక గంటగోపురం ఉన్న చర్చి.

ఆ ఇద్దరినీ ఝాన్సీ ఎరుగును. మేనత్తల్ని ఎరిగినంత బాగా ఎరుగును. ఆమె చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కూ వాళ్ళు ఆ ఇంటి టీవీలోకి వచ్చి పోయేవాళ్ళు.

తల్లి దీనమ్మను పిలిచి చూపించింది. దీనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోను దూరంగా పెట్టించుకుని చూసి, "మన క్రిస్మస్ అవ్వలు కదే. ఇంకా ఉండారా వీళ్ళు?" అంది. అని, వెంటనే లోపలి గది వైపు చూసింది. ఝాన్సీ కూడా అటే చూసింది.

లోపల మంచం మీద ఝాన్సీ తండ్రి రాజరత్నం గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎండాకాలం పోతూ పోతూ ఆయనకు పక్షవాతం తెచ్చిపెట్టి పోయింది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. కుడిచెయ్యి అంతంత మాత్రం. మాట మాత్రం పోయింది. "ఊ" అంటాడు, "అదే... అదే..." అంటాడు. ఆ తర్వాత ఏమనబోయాడో అది దీనమ్మే పూరిస్తుంది. నీళ్ళా అంటుంది, దుప్పటా అంటుంది, ఫ్యాను తగ్గించనా అంటుంది. మొదట్లో ఆయన తల అడ్డంగా ఊపి ఇంకోసారి ప్రయత్నించేవాడు. ఈమధ్య ఏది అడిగినా తల ఆడించి గోడ వైపు తిరుగుతున్నాడు. ఒంగోలు డాక్టరు, చెవులు బాగానే ఉన్నాయి, తెలివి బాగానే ఉంది, పాత సంగతులు కదిలించి మాట్లాడించండి, మాట్లాడకుండా వదిలేస్తే ఆ వచ్చే మాట కూడా రాకుండా పోతుంది అని చెప్పి పంపాడు. అప్పటినుంచి పాత కీర్తనలు పెట్టి చూశారు. చర్చి వాళ్ళు వచ్చి గుంపుగా ప్రార్థన చేసి చూశారు. ఆయన కళ్ళు మూసుకునేవాడు గానీ నోరు తెరవలేదు. చర్చికి పోవడం కూడా మానేశాడు.

మామూలు మనిషికి మాట పోవడం వేరు. రాజరత్నానికి పోవడం వేరు. పలకల కంపెనీలో రాళ్ళు కోసిన మనిషే గానీ, కొనకనమిట్ల చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలన్నిటికీ ఆయన తర్జుమా రాజరత్నం. చిన్నతనంలో మిషన్ బంగళాలో వంటచేసే మేనమామ దగ్గర పెరిగి, వినికిడి ఇంగ్లీషు పట్టాడు. మద్రాసు నుంచో, ఇంకా దూరం నుంచో ఇంగ్లీషులో ప్రసంగించే అయ్యగారు వస్తే, ఆయన ఎడమ పక్కన నిలబడేది, ఈయన కుడి పక్కన నిలబడేది. అయ్యగారు ఒక మాట చెప్పి ఆగేవాడు. ఈయన, "అయ్యగారు ఏమంటున్నారంటే..." అని మొదలుపెట్టేవాడు. ఇక ఎప్పుడు ఆపుతాడో దేవుడికే తెలియాలి. అయ్యగారు వడ్డించింది చెంచాడు, రాజరత్నం వడ్డించింది గంపెడు అని సంఘమంతా నవ్వుకునేది. వచ్చిన అయ్యగార్లు కూడా చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడేవాళ్ళు.

ఆ సినిమా ఇంట్లోకి వచ్చింది కూడా ఆ తర్జుమా వల్లే.

ఝాన్సీ అయిదో తరగతిలో ఉన్న ఏడు, వాళ్ళ పల్లె సంఘం క్రిస్మస్ ముందు రోజు పిల్లలకు సినిమా వెయ్యాలనుకుంది. మార్కాపురంలో మజీద్ దుకాణం నుంచి టీవీ, సీడీ ప్లేయరు అద్దెకు తెచ్చారు. ఏసుప్రభువు సినిమాలన్నీ అప్పటికే వేరే పల్లెలు తీసుకుపోయాయి. మజీద్ అరలన్నీ వెతికి ఒక ఇంగ్లీషు సినిమా తీసిచ్చాడు. అట్ట మీద చర్చి ఉంది, దీపాలు పట్టుకున్న పిల్లలు ఉన్నారు, ఇల్లిల్లూ తిరుగుతున్నారు. క్రిస్మస్ కేరల్స్ కాకపోతే మరేంది అనుకున్నాడు. సంఘం వాళ్ళూ అట్లాగే అనుకున్నారు. ఇంగ్లీషైతే మాత్రం ఏంది, మనకు రాజరత్నం ఉండాడు కదా అన్నారు.

చర్చి ముందు బల్ల మీద టీవీ పెట్టి, జనం నేల మీద కూర్చున్నారు. రాజరత్నం ఉతికిన చొక్కా వేసుకుని టీవీకి కుడి పక్కన నిలబడ్డాడు. మొదట అంతా బాగానే సాగింది. పిల్లలు ముసుగులు వేసుకుని దీపాలతో బయలుదేరితే, కేరల్స్ పిల్లలన్నాడు. మొహం చెక్కిన గుమ్మడికాయ కనిపిస్తే ఎవరో, వాళ్ళు కూడా ఇంటిముందు దిష్టికి గుమ్మడికాయ కడతారంట అన్నారు. అందరూ నవ్వారు. అంతలో వానలో, పొగమంచులో ఆ ఇద్దరు ముసలివాళ్ళు నల్లగుడ్డలతో కొండ దిగి వచ్చారు. వెనకనుంచి ఒక పడుచువాడు, "ఓబులమ్మ వచ్చిందిరోయ్" అన్నాడు.

ఓబులమ్మ నిజంగానే అక్కడ ఉంది. జనానికి ఎడంగా, ప్రహరీ పక్కన బండ మీద ఒక్కతే కూర్చుని ఉంది. మొగుడూ బిడ్డలూ లేని మనిషి. ఎవరి దూడో చచ్చిపోతే ఆమె చూపు తగిలిందన్నారు, ఎవరి బిడ్డకో జ్వరమొస్తే ఏదో చేసిందన్నారు. ఆమె చేతి మజ్జిగ పల్లెలో ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. టీవీ వచ్చిందని విని ఆ పూట ఆశపడి వచ్చింది. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

రాజరత్నం మాట ఆపాడు. చెంబెత్తి నీళ్ళు తాగాడు. తండ్రికి దాహమైందనుకుంది ముందు వరసలో ఉన్న ఝాన్సీ. సినిమా దాని దోవన అది పోతూనే ఉంది. పొట్టి ఆమె ఒక తలుపు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. ఇంకో తలుపు కొట్టారు. కిటికీలో దీపం ఆరిపోయింది. అప్పుడాయన గొంతు సవరించుకుని, "అవ్వ ఏమంటా ఉందంటే," అన్నాడు. "అమ్మా, మేం పరాయి ఊరోళ్ళం. వానకు తడిసినాం. మా కోడి గూడా తడిసింది. ఈ పూటకు కొంచెం తావు ఇయ్యండి అంటా ఉంది. లోపలోళ్ళు ఏమంటా ఉండారంటే, తావు లేదు పొమ్మంటా ఉండారు." జనం వైపు తిరిగి, "మన మరియమ్మ తల్లిని ఎవురన్నా లోపలికి రానిచ్చినారా? ఇదీ అంతే," అన్నాడు.

ఇక జనం కదల్లేదు. ప్రతి తలుపుకీ ఆయన ఒక కథ చెప్పాడు. ఈ ఇంటాయనకు భయమన్నాడు, ఆ ఇంటామెకు ఎవరో చాడీలు చెప్పారన్నాడు. చివరికి ఒక చిన్నపిల్ల దీపం పట్టుకుని తలుపు ఓరగా తీసింది. వానలో ఇద్దరు ముసలివాళ్ళూ నిలబడి ఉన్నారు. బొమ్మ అక్కడ నిలిచిపోయింది. "తలుపు తీసింది. లోపలికి రమ్మనింది. ఆమేన్," అన్నాడు రాజరత్నం. సినిమా అయిపోయిందన్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటూ లేచారు. అందరికంటే ముందు ఓబులమ్మ మజ్జిగ వద్దన్న మగ్దలీనమ్మే పోయి ఆమె చెయ్యి పట్టుకుని పండగ భోజనాల పంక్తిలోకి తెచ్చి కూర్చోబెట్టింది.

తర్వాత రాజరత్నం ఆ సీడీ కొనుక్కున్నాడు. టీవీ కొన్నాక ప్రతి క్రిస్మస్‌కూ ఇంట్లో అదే సినిమా, పక్కన నిలబడి ఆయన తర్జుమా. టీవీలో మాట ఎప్పుడూ పైకి వినపడింది లేదు, వినపడేదల్లా నాయన గొంతే. ఝాన్సీకి ఇంగ్లీషు వచ్చే వేళకు సీడీ గీతలు పడి ఆడటం మానేసింది. ఓబులమ్మ కూడా అప్పటికి పోయింది. సంఘం వాళ్ళే మోశారు.

ఆ సినిమా ఇప్పుడు తెలుగు మాటలతో కూడా ఉందని ఫోను చెబుతుంటే, దేవుడే దారి చూపించాడనుకుంది ఝాన్సీ. నాయనకు ఇంతకంటే పాత సంగతి ఏముంటుంది? ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఫోనును టీవీకి తగిలించి, తండ్రిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

చర్చి కనిపించగానే రాజరత్నం ముందుకు వంగాడు. దీపాల పిల్లల్ని చూసి నవ్వాడు, సగం మూతితో. ఎన్ని నెలలకో నవ్వాడు. దీనమ్మ కూతురి మోకాలు గిల్లింది. అంతలో ముసలివాళ్ళు కొండ దిగారు. టీవీలోంచి ఒక గొంతు తెలుగులో, పిల్లల నిద్రను దోచుకుపోయే దుష్ట మంత్రగత్తెలు వచ్చేశారని చెప్పింది. ఝాన్సీ ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. పొట్టి అవ్వ తావు అడగడం లేదు. ఈ ఇంట్లో పసిబిడ్డ వాసన వస్తోంది అక్కా అంటోంది.

రాజరత్నం "అదే... అదే..." అంటూ ఎడమచేత్తో కుర్చీని కొట్టసాగాడు. దీనమ్మ నీళ్ళా అంది, బాత్రూముకా అంది. ఆపాలని ఝాన్సీకి తోచలేదు. చిన్నపిల్ల తలుపు తీసింది. సినిమా అక్కడ ఆగలేదు. ఝాన్సీ ఎన్నడూ చూడని సినిమా అక్కడినుంచి మొదలైంది. ఆ పిల్ల తలుపు తీసింది వాళ్ళను పట్టించడానికి. తలుపు చాటున ఊరు ఊరంతా కాపు కాసింది. ముసలివాళ్ళను తరుముకుంటూ పోయి పాడుబావిలో తోసి మూత వేశారు. పిల్లలు మూత మీద ఎక్కి గంతులేశారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. నల్లకోడి ఒక్కటీ బావి గట్టు మీద మిగిలింది.

చూస్తే రాజరత్నం కుర్చీలో లేడు. కర్ర తీసుకుని, గోడ పట్టుకుని, మంచం దగ్గరికి పోయాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

"ఉన్నదాన్ని గూడా చెడగొట్టినావు," అంది దీనమ్మ. "ఆ మనిషిని ఏడిపించను నీకు వేరే సినిమా దొరకలేదా?"

ఝాన్సీ టీవీకి తగిలించిన వైరు పీకేసింది. తను ఇన్నేళ్ళూ కళ్ళారా చూసిన సినిమా, అసలు సినిమా ఒకటి కావు. మధ్యలో నిలబడింది నాయన. ఎందుకట్లా చెప్పాడో అడుగుదామంటే ఆయనకు మాట లేదు.

మర్నాడు స్కూలు వదిలాక మజీద్ దుకాణానికి వెళ్ళింది. ఇప్పుడక్కడ సీడీలు లేవు. ఫోన్ల కవర్లు, చార్జర్లు వేలాడుతున్నాయి. గడ్డం తెల్లబడిన మజీద్ ఆమెను గుర్తుపట్టి, స్టూలు వేయించి, అన్నకు ఎట్లుంది బేటీ అని అడిగాడు. ఆమె సంగతంతా చెప్పి, ఆ సినిమా అంత పొడుగున్న సంగతి తనకు తెలియదంది. మజీద్ నవ్వాడు. అప్పట్లో ఒక్కో సినిమా రెండు సీడీల్లో వచ్చేదని, మీ నాయన ఆ పూట రెండోది వెయ్యలేదని చెప్పాడు. పండగ మర్నాడు పొద్దున్నే సామాను తిరిగివ్వడానికి వచ్చి, రెండో సీడీ దుకాణంలో పెట్టించుకుని, నిలబడే మొత్తం చూశాడట.

"చూసి ఏమన్నాడో తెలుసా? ఇది మా పల్లెకు ఎప్పుడూ ఇయ్యబాక భాయ్, ఎవురడిగినా లేదని చెప్పు అన్నాడు. మా దగ్గర ఒక ముసలామె ఉంది, ఇది చూస్తే ఆమెను బతకనియ్యరు అన్నాడు." మజీద్ ఒక చార్జరు వైరు చుట్టి పక్కన పెట్టాడు. "మళ్ళా ఆయనే దిగులుపడినాడు. అబద్ధం తర్జుమా చేసినా, అది గూడా చర్చి ముందర నిలబడి, దేవుడు ఒప్పుకుంటాడా భాయ్ అని అడిగినాడు. నేనేం మౌల్వీనా? రెండో సీడీ సంగతి దేవుడు అడగడులే అన్నా, టీ తాగు అన్నా."

ఝాన్సీ బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. నాయన చెంబెత్తి నీళ్ళు తాగడం దోవ పొడుగునా కళ్ళ ముందే ఉంది. దాహం కాదది. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. వెతుక్కోవడానికి అంత వ్యవధి దొరికింది, ఎందుకంటే అప్పుడు ఆయన కోసం జనం ఆగారు. అయ్యగార్లు కూడా ఆగేవాళ్ళు. ఒక మాట చెప్పి, చేతులు కట్టుకుని ఆగేవాళ్ళు. జబ్బు చేసినప్పటినుంచి ఆ ఇంటికి వచ్చినవాళ్ళందరూ మాట్లాడారు. ఎవరూ ఆగలేదు. అమ్మ ఆగలేదు, తనూ ఆగలేదు.

శుక్రవారం స్కూల్లో పండగ జరిగింది. పిల్లలు టోపీలు పెట్టుకుని గ్రౌండు చుట్టూ తిరిగారు. కథ చెప్పమంటే ఝాన్సీ ఇద్దరవ్వలూ నల్లకోడీ కథ, తలుపు తీసేదాకా చెప్పింది. తర్వాత ఏమైంది మిస్ అని అడిగారు. తర్వాత ఏం లేదు, సీడీ అయిపోయింది అంది. సీడీ అంటే ఏంది మిస్ అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ టీవీకి ఫోను తగిలిస్తుంటే దీనమ్మ ఒప్పుకోలేదు. ఝాన్సీ బతిమాలింది. ఈసారి నువ్వు ఒక్కటే చెయ్యాలమ్మా, నోరు మూసుకుని కూర్చోవాలి, ఆయన ఎంతసేపు తీసుకున్నా మాట అందియ్యకూడదు అంది. దీనమ్మ కూతుర్ని ఎగాదిగా చూసి, కొంగు కొస నోట్లో కుక్కుకుని కూర్చుంది.

తెలుగు మాటలు తీసేసి ఇంగ్లీషు పెట్టి, వినీ వినపడనంత తగ్గించింది ఝాన్సీ. తండ్రి కుర్చీ ఎప్పటిలా టీవీకి ఎదురుగా వెయ్యలేదు. టీవీకి కుడి పక్కన వేసింది. తను పోయి ఎడమ పక్కన నిలబడింది. రాజరత్నం గది గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి, ఆ కుర్చీ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా వచ్చి కూర్చున్నాడు. చొక్కా పైగుండీ ఊడి ఉంటే ఎడమచేత్తో పెట్టుకోబోయాడు. దీనమ్మ లేవబోయి, కూతురి మొహం చూసి, మళ్ళీ కూర్చుంది. గుండీ పడింది.

అవ్వలు కొండ దిగారు. మొదటి తలుపు కొట్టారు. ఝాన్సీ బొమ్మను నిలిపి, క్లాసులో చదివినట్టు కాకుండా, వెనకటి అయ్యగార్లు పలికినట్టు నిదానంగా, "ఓపెన్ ద డోర్," అంది. అని, చేతులు కట్టుకుంది.

రాజరత్నం పెదవులు కదిలాయి. "అదే..." అన్నాడు. తల దించుకున్నాడు. ఝాన్సీ ఆగింది. బయట ఎవరి మేకలో అరుస్తూ పోయాయి. ఏమీ రాలేదు. సినిమా కదిపి, రెండో తలుపు దగ్గర మళ్ళీ నిలిపి, మళ్ళీ అదే మాట అంది. ఆయన నుదుట చెమట పట్టింది. కర్ర మీద వేళ్ళు బిగుసుకున్నాయి. దీనమ్మ కొంగు నములుతోంది.

"అ... అవ్వ," అన్నాడు రాజరత్నం.

ఝాన్సీ కదల్లేదు. కళ్ళు మండుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆయన ఆపేస్తాడని భయం.

"అవ్వ... ఏమం..." ఇక రాలేదు. గాలి పీల్చుకున్నాడు. నేల వైపు చూశాడు, ఎక్కడో పడేసుకున్నది వెతుక్కుంటున్నట్టు. "తావు," అన్నాడు. తర్వాత, చాలాసేపటికి, "తావు... ఇయ్యండి."

ఆమె సినిమాను కదిపింది. తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. కొన్నిటికి మాట వచ్చింది, కొన్నిటికి రాలేదు. రానిచోట ఝాన్సీ కాసేపు ఆగి, ముందుకు పోయింది, వెనకటి అయ్యగార్లలాగే. చివరికి చిన్నపిల్ల దీపం పట్టుకుని తలుపు ఓరగా తీసింది. ఝాన్సీ బొమ్మను నిలిపింది. ఈసారి ఇంగ్లీషు కూడా చెప్పలేదు. రాజరత్నం ఆ ముసలివాళ్ళను చూస్తూ, "తీసింది," అన్నాడు. "రమ్మ... నింది."

ఝాన్సీ టీవీ ఆపేసింది.

దీనమ్మ నోట్లో కొంగు తీసింది. ఏడుస్తూనే, "యాభై ఏండ్ల నుంచి చూస్తుండా," అంది. "అయ్యగారు చెప్పినదానికంటే తర్జుమా పొట్టిగా ఉండటం ఇదే మొదలు."

రాజరత్నం నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. అది చూసి దీనమ్మకు హుషారొచ్చి, స్కూలు నుంచి మిగిలి వచ్చిన నల్లటోపీ ఒకటి తెచ్చి, ఎండుమిరపకాయలు పోసిపెట్టుకోను బాగుంది అని తిప్పి చూపించి, తర్వాత తన తల మీద పెట్టుకుంది. ఝాన్సీ ఫోను వైరు తీసి చుట్టబోయింది.

కర్ర నేల మీద టకటకమంది. రాజరత్నం కర్రకొసతో టీవీని చూపిస్తున్నాడు. ఝాన్సీ ఏమీ అడగకుండా, వైరు చేత్తో పట్టుకుని నిలబడింది. దీనమ్మ కూడా టోపీ తల మీద ఉండగానే నిలబడింది. ఇద్దరూ ఆగారు.

"మళ్ళా," అన్నాడు రాజరత్నం.

ఆ మాట ఆయనకంటే ముందు ఎవరూ అనలేదు. ఝాన్సీ వైరు మళ్ళీ తగిలించి, సినిమాను మొదటికి తిప్పింది.